ముసునూరు దారిలో బొమ్మల పుస్తకాలు

నూజివీడులో బస్టాండు నుంచి మార్కెట్టుకి పోయే రోడ్డులో మాకు అట్టపెట్టెల కొట్టు ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు. మామిడికాయలు సర్దడానికి కావలసిన పెట్టెలు, పాత పేపర్లు, పురికొస, టేపు అమ్ముతాం. హైదరాబాదులో ఉన్న ఆడపడుచుకి రసాలు పంపించుకునేవాళ్ళ దగ్గర్నించి కాయలు లారీలకెత్తే షావుకార్ల దాకా, ఏప్రిల్ నుంచి జూన్ వరకూ అందరికీ మాతో పని పడుతుంది. మిగతా ఏడాదంతా ఆ గుమ్మం ఎక్కేవాళ్ళు తక్కువ.

మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ తేడా నాకు తెలియలేదు. ఆయన మాటకారి. పాత పేపర్లు కట్టలు కడుతూ మధ్యలో ఒకటి లాగి, ఎప్పటిదో వార్త ఇవాళ్టిదైనట్టు పైకి చదివేవారు. "విన్నావా, రేపట్నించి బస్సు చార్జీలు పెరుగుతున్నాయంట" అనేవారు చాలా దిగులుగా. అవి పెరిగి అప్పటికి ఏళ్ళు గడిచి ఉండేవి. నేను నవ్వకపోతే ఇంకోటి తీసేవారు. మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మాట్లాడుకోవడం మేము ఎప్పుడో మానేశాం. ఇంట్లో ఆయన గొంతు ఎప్పుడూ ఏదో ఒక మూల వినపడుతూ ఉండేది కాబట్టి ఇల్లు బోసిగా ఉందని నాకు అనిపించేది కాదు.

ఒక చలికాలం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఆయన ప్రాణం పోయింది.

ఆ తర్వాత కూడా నేను కొట్టు తీస్తూనే ఉన్నాను. ఇంకేం చెయ్యాలో తెలియక. "పెట్టెలున్నాయా అండీ", "ఐదు కిలోలవా, పది కిలోలవా" — రోజు మొత్తం మీద నా మాటలన్నీ అవే. సీజను అయిపోయాక అవి కూడా ఉండేవి కావు. ఒకరోజు సాయంత్రం మా వదిన ఫోన్ చేసింది. హలో అందామని నోరు తెరిస్తే గొంతు పెగల్లేదు. సర్దుకుని మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, పొద్దుట్నించీ నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదని గుర్తొచ్చింది.

టీచరుగారు మా కొట్టుకి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆవిడ ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యారు. మా వీధి చివర ఉంటారు. అంతకుముందు మా మధ్య నమస్కారాలే తప్ప మాటల్లేవు.

"చిరిగినవైనా సరే, ఖాళీ పెట్టెలు ఉంటే ఇవ్వమ్మా" అన్నారు.

"దేనికండీ?"

"చిన్నపిల్లల పుస్తకాలు పెట్టుకోవాలి. మా వరండాలో చెద పడుతోంది."

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఊళ్ళో కొంతమంది కలిసి ఒక పని మొదలుపెట్టామని చెప్పారు. చుట్టుపక్కల ఊళ్ళలో అంగన్‌వాడీల్లో పేరున్న పిల్లలకి, పుట్టిన దగ్గర్నించి ఐదేళ్ళు నిండేదాకా, నెలకొక బొమ్మల పుస్తకం ఇస్తారట. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. మొదటి పేజీలో ఆ పిల్ల పేరు రాసి మరీ ఇస్తారు.

"పసిపిల్లలకి పుస్తకాలెందుకండీ? చింపేస్తారు కదా" అన్నాను.

"చింపనీ. చింపినా అది వాళ్ళ పుస్తకమే. పుస్తకం ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియని పిల్లల్ని నా సర్వీసంతా చూశానమ్మా. బడికొచ్చాక అది నేర్పడం కష్టం. భయం పట్టేస్తుంది."

మాటల్లో ఆవిడ చూపు కొట్టు వెనక గది మీద పడింది. సీజను కాదు కాబట్టి అది ఖాళీగా ఉంది. ఆవిడ అడగకముందే, పుస్తకాలు ఇక్కడే పెట్టుకోండి అని నేనే అన్నాను. ఆవిడ చేతులు పట్టుకుని, మంచి మనసమ్మా అన్నారు. మంచి మనసు సంగతి నాకు తెలియదు. ఆ గదికి మనుషులు వస్తూ పోతూ ఉంటారు, అంతవరకే ఆలోచించాను.

వచ్చారు కూడా. ప్రతి నెలా మొదటి ఆదివారం టీచరుగారు, మెడికల్ షాపు దంపతులు, రెడ్డిగూడెం నుంచి ఒక మామిడి రైతు, ఇద్దరు అంగన్‌వాడీ అమ్మాయిలు చేరేవారు. పార్సిళ్ళు విప్పి, వయసును బట్టి పుస్తకాలు వేరు చేసి, పిల్లల పేర్లు అతికించి, ఊరి పేరుతో కట్టలు కట్టేవారు. నేను టీ పెట్టి ఇచ్చేదాన్ని. మెడికల్ షాపాయన జోకులేస్తే గదంతా నవ్వులు. మధ్యాహ్నానికి పని అయిపోయేది. ఎవరి స్కూటర్లు వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయేవారు. గ్లాసులు కడిగి వచ్చేసరికి గది అంతకుముందు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉండేది. మనుషులు రాకపోవడం కంటే వచ్చి వెళ్ళిపోవడం ఇంకా కష్టమని అప్పుడే తెలిసింది.

అలాంటి ఒక ఆదివారం పైకి పోబుద్ధి కాక, కట్ట మీదున్న పుస్తకం తీశాను. ఒక కోడిపిల్ల తన నీడని చూసి భయపడే కథ. పేజీకి ఒకే వాక్యం. కళ్ళతో చదివితే క్షణంలో అయిపోయింది. మళ్ళీ మొదట్నించి పైకి చదివాను. నా గొంతు నాకే పరాయిగా వినపడింది. అయినా ఆగకుండా చివరిదాకా చదివాను.

ముసునూరు వైపు కట్టలు తీసుకెళ్ళే ఆవిడకి భర్త బదిలీతో ఏలూరు మారవలసి వచ్చింది. "నువ్వెళ్ళకూడదూ?" అన్నారు టీచరుగారు నాతో.

"నాకు పిల్లలతో అలవాటు లేదండీ."

"అలవాటు ఎవరికి పుట్టుకతో వస్తుందమ్మా. పుస్తకం ఇచ్చి, ఒకసారి చదివి వినిపించి రావడమే. ఆ తర్వాత వాళ్ళ అమ్మలు చదువుకుంటారు."

అలా గురువారం పూట కొట్టు మూసి షేర్ ఆటో ఎక్కడం మొదలుపెట్టాను. అంగన్‌వాడీ దగ్గర పని తేలికే. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు, పుస్తకం తీసుకునేవారు, పేరు చూసి మురిసిపోయేవారు. ఊళ్ళోకి రాలేనివాళ్ళ ఇళ్ళు రెండు మూడు ఉన్నాయి, తోటల్లో కాపలా ఉండేవాళ్ళవి. వాటికి మాత్రం నేనే నడిచి వెళ్ళాలి.

వాటిలో ఒకటి రోడ్డు దిగి చాలా లోపలికి ఉండేది. పెద్ద చెట్లు, కొమ్మలు నేలకి ఆనేంత కిందికి వాలి, మిట్టమధ్యాహ్నం కూడా సగం చీకటి. బోరు పక్కన రేకుల షెడ్డు. అందులో ఒక ఆవిడ, ఆవిడ కూతురి కూతురు. ఆవిడకి నాకంటే నాలుగైదేళ్ళు ఎక్కువుంటాయేమో. పిల్లకి ఇంకా మూడేళ్ళు నిండలేదు. పిల్ల తల్లి విజయవాడలో లేడీస్ హాస్టల్లో వంట చేస్తోంది. తండ్రి సంగతి అడిగితే, "వాడి మాటెందుకులెండమ్మగారూ" అని చీపురు అందుకుంది ఆవిడ.

నేను వెళ్ళేసరికి పిల్ల నీళ్ళ డ్రమ్ము వెనక్కి దూరింది. పేరు పెట్టి పిలిచాను. రాలేదు, పలకలేదు.

"దానికి మాటలు రాలేదండి" అంది అమ్మమ్మ. "డాక్టరు గారికి చూపించాం. చెవులు బానే ఉన్నాయి, వస్తాయి లెమ్మన్నారు. అమ్మ అని కూడా అనలేదింతవరకు."

"మీరు మాట్లాడుతూ ఉంటారా దానితో?"

ఆవిడ చీపురు పక్కన పెట్టి నా వంక చూసింది. "ఏం మాట్లాడమంటారు? అన్నం తిను, ఇటు రా, పడుకో. అంతకన్నా ఏముందండీ ఇక్కడ? ఆయన పోయాక నేనే మాట్లాడటం మర్చిపోయాను. నా నోట్లో మాట ఉంటే కదా దాని నోట్లోకి రావడానికి."

నులకమంచం మీద కూర్చుని పుస్తకం తెరిచాను. పిల్ల రాలేదు కాబట్టి అమ్మమ్మకే చదివి వినిపించాను. ఆవిడ కింద కూర్చుని బొమ్మలు చూస్తూ విన్నది. తన నీడని చూసి పరిగెత్తే కోడిపిల్ల దగ్గర పెద్దగా నవ్వింది. ఆ నవ్వు విని డ్రమ్ము వెనక నుంచి ఒక కన్ను తొంగి చూసింది.

పుస్తకం నెలకొకటే. కానీ నేను ప్రతి గురువారం వెళ్ళడం మొదలుపెట్టాను. పాతదే మళ్ళీ చదివేదాన్ని. చదవబోయే ముందు ఇంట్లో రెండు మూడుసార్లు పైకి చదివి చూసుకునేదాన్ని, ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలో, ఎక్కడ గొంతు మార్చాలో. ఆ చదువు నాకు పని అయింది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పుస్తకం. పిల్ల కొన్నాళ్ళకి డ్రమ్ము ముందుకొచ్చింది, తర్వాత మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఒకరోజు నా పక్కన కూర్చుంది. మాట మాత్రం లేదు. పేజీ తిప్పాల్సినప్పుడు నా వేలు పట్టుకుని లాగేది, అంతే. నేను రోడ్డు మీద ఆటో దిగి తోటలోకి రావడం దూరం నుంచే చూసి, అమ్మమ్మ చెంగు పట్టి గుంజేదట. "పుస్తకాలమ్మ వస్తోందే" అని ఆవిడ గట్టిగా అనేది. నాకు ఆ పేరు అలా వచ్చింది.

వానాకాలంలో ఒక పుస్తకం వచ్చింది. చెరువులో దిగిన గేదె బయటికి రానని మొండికేస్తుంది. కొంగ వచ్చి పిలుస్తుంది, కుక్క వచ్చి పిలుస్తుంది, పాలు పితికే ఆవిడ వచ్చి బతిమాలుతుంది. ఎవరొచ్చినా గేదె చెప్పేది ఒకటే మాట: "రాను." చివరికి ఆకలేసి తనే లేచి వస్తుంది. ఆ గేదె గొంతు నేను బాగా లావుగా, బద్ధకంగా చదివేదాన్ని. పిల్ల ప్రతిసారీ నా నోటి వంకే చూసేది. బొమ్మల వంక కాదు, నోటి వంక.

తర్వాతి గురువారం నేను తోటలో అడుగుపెట్టగానే అమ్మమ్మ ఎదురొచ్చింది.

"అమ్మగారూ, అది మాట్లాడిందండి."

"ఏమంది?"

"అన్నానికి రావే అని కేకేశాను. రాను అంది. అంత లావు గొంతుతో. నేను ముందు బయటివాళ్ళెవరో వచ్చారనుకుని చుట్టూ చూశానండి." నవ్వుతోంది, చెంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "అమ్మ అనకుండా, అమ్మమ్మ అనకుండా, రాను అంట. నాలుగు రోజుల్నించీ అదే మాట. స్నానానికి రాను, నిద్రకి రాను."

పిల్లని దగ్గరికి తీసుకుని, ఏదీ అను అని బతిమాలాను. పెదాలు బిగించి నా వంక చూసింది. నా ఎదుట అనలేదు. పరవాలేదు అనుకున్నాను. తిరుగు ఆటోలో కూర్చుని ఆ మాటని నాలో నేనే ఆ లావు గొంతుతో అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను, పక్కనాయన తిరిగి చూశాడు.

ఇంటికొచ్చాక ఎవరికైనా చెప్పాలనిపించింది. టీచరుగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వదినకి చేస్తే, చుట్టాలొచ్చారు మళ్ళీ మాట్లాడతానంది. కిందికి దిగి, అప్పటికి మూసి ఉన్న కొట్టు తలుపు తీసి కూర్చున్నాను. ఎవరైనా వస్తే పెట్టెలతో పాటు ఆ సంగతి కూడా చెబుదామని. వర్షం పట్టుకుంది. ఎవరూ రాలేదు.

తర్వాతి ఏడాది చుట్టుపక్కల తోటలన్నీ దెబ్బతిన్నాయి. పూత విరగబూసింది. సంక్రాంతి దాటాక మంచు పట్టింది, దాని వెంట తేనెమంచు పురుగు. ఎన్ని మందులు కొట్టినా పూత మాడి నల్లగా రాలిపోయింది. మార్చిలో తోటల్లోకి వెళితే పిందె కనపడలేదు. మా కొట్టులో తెప్పించిన పెట్టెలు తెప్పించినట్టే ఉన్నాయి. పుస్తకాలకి డబ్బు సాయం చేసేది ప్రధానంగా కాయల షావుకార్లే. ఏప్రిల్ మొదటి ఆదివారం వాళ్ళలో పెద్దాయన ఒకరు వెనక గదికి వచ్చారు.

"చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. ఈ ఒక్క ఏడూ ఆపేద్దామండి. కాయే లేదు. కడుపు నిండే వస్తువు కాదు కదా, ఒక ఏడు లేకపోతే పిల్లలకేం నష్టం" అన్నారు.

టీచరుగారు చేతిలో ఉన్న జిగురు సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు. ఆవిడ అంత నీరసంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పుస్తకం లేకపోతే ఆ తోటలోకి నేను ఏ మొహం పెట్టుకుని వెళతాను? ఎవరని వెళతాను? నా ఆలోచన అక్కడే ఉంది.

మాట్లాడింది రెడ్డిగూడెం రైతు. ఆయన తోట మొత్తం పోయిందని అందరికీ తెలుసు.

"షావుకారుగారూ, మాకు పూత వచ్చే ఏడు మళ్ళీ వస్తదండి. రాకపోతే ఆ పై ఏడొస్తది. మా మనవరాలికి ఇప్పుడు రెండేళ్ళు. వచ్చే ఏడు మూడొస్తాయి గానీ మళ్ళీ రెండు రావు కదండీ. నేను ఒక పిల్ల పుస్తకాల ఖర్చు చూసుకుంటాను. మా మనవరాలివి కాదు, ఇంకెవరివైనా రాయండి."

మెడికల్ షాపాయన, అయితే మా ఇద్దరి మీదా ఇద్దరు పిల్లల్ని వెయ్యండి అన్నారు. పెద్దాయన టీ తాగి లేచారు. టీచరుగారు అప్పుడు తల పైకెత్తారు.

ఆ తర్వాత ఆవిడ, నేను ఇల్లిల్లూ తిరిగాం. ఒక ఇల్లు ఒక పిల్లకి, అదీ మేం అడిగింది. టిఫిన్ హోటలాయన ఒప్పుకున్నాడు. బస్సు డిపోలో మెకానిక్కులు కొంతమంది కలిసి ఒప్పుకున్నారు. షెడ్లలో కాయలు ఏరి సర్దే ఆడవాళ్ళకి ఆ ఏడు పనే లేదు. వాళ్ళని మేం అడగలేదు. వాళ్ళే మా కొట్టుకి వచ్చి, మేమంతా కలిసి ఒక పిల్లనైనా తీసుకుంటామండీ అన్నారు. ఆపేద్దామన్న పెద్దాయన తన వీధి పిల్లలందరినీ తన పేరు మీద వెయ్యమని కబురు పంపారు. తోటలో పిల్లని నేను తీసుకున్నాను. ఏ నెలా పుస్తకం ఆగలేదు. ఒక్కసారి మాత్రం వారం ఆలస్యమైంది.

ఇన్నేళ్ళ కాపురంలో మా ఊళ్ళో అన్ని ఇళ్ళ లోపలికి నేనెప్పుడూ వెళ్ళలేదు. పెట్టెల కొట్టావిడ కదూ, రండి రండి అని పిలిచి కూర్చోబెట్టారు. మజ్జిగిచ్చారు. మా ఆయన వేసిన జోకులు తలుచుకుని కొందరు నాకే చెప్పారు. ఆ రెండు నెలలూ ఆయన పోయాక ఎప్పుడూ మాట్లాడనంత మాట్లాడాను. సాయంత్రం మెట్లెక్కి తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే మాత్రం ఆ మాటలన్నీ గుమ్మం బయటే ఆగిపోయేవి.

పిల్లకి ఈలోగా మాటలు బాగా వచ్చాయి. రాను తర్వాత అమ్మమ్మ, ఆ తర్వాత కొంగ, ఆ తర్వాత ఆపడానికి వీల్లేనన్ని. నాలుగేళ్ళు దాటేసరికి కథ మధ్యలో నన్ను ఆపి, "అలా కాదు, ముందు కుక్క వస్తుంది" అని సరిదిద్దేది. తన పేరున్న పేజీ తెరిచి, వేలు పెట్టి, ఇది నేను అనేది. పుస్తకాలన్నీ బియ్యం సంచిలో వేసి మంచం కింద పెట్టుకుంది.

ఒక జూన్ నెల గురువారం నేను వెళ్ళేసరికి ఆ సంచి షెడ్డు బయట ఉంది, మూతి కట్టేసి. పక్కన ఒక సూట్‌కేసు. సన్నగా ఉన్న ఒక అమ్మాయి లోపల్నించి వచ్చింది. పాతికేళ్ళు ఉంటాయేమో.

"మీరేనా ఆంటీ? ఫోన్ చేస్తే ఇది మీ గురించే చెప్పేది. నన్ను అడిగేది కాదు" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు వెనక ఉన్నది నాకు అర్థమైంది. హాస్టలు వాళ్ళు వెనక గది ఇచ్చారట, దగ్గర్లో బడి ఉందట. ఇంక పిల్లని దగ్గర పెట్టుకుంటానంది.

"చాలా మంచి పని చేస్తున్నావమ్మా" అన్నాను. నిజంగానే మంచి పని. తల్లి దగ్గర పిల్ల ఉండటం కంటే ఏం కావాలి?

రోడ్డు మీద ఆటో ఆగి ఉంది. అందరం నడిచి వెళ్ళాం. పిల్ల కొత్త గౌను వేసుకుని తల్లి చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. రాను అంటుందేమోనని చూశాను. అనలేదు. ఆటో ఎక్కి, సంచి కాళ్ళ దగ్గర పెట్టించుకుని, డ్రైవరు వైపు చూస్తూ కూర్చుంది. బయల్దేరేముందు, "పుస్తకాలమ్మా, టాటా చెప్పు" అంది నాతో. చెప్పాను.

ఆటో వెళ్ళాక అమ్మమ్మ, నేను వెనక్కి నడిచాం. ఆవిడ షెడ్డు ముందు రాలిన ఆకులు ఊడవడం మొదలుపెట్టింది. నేను మంచం మీద కూర్చున్నాను. నా సంచిలో ఆ నెల పుస్తకం ఉంది, ఇవ్వడం మర్చిపోయాను.

ఆ సంగతి చెబితే టీచరుగారు, "ఊరు మారినా ఐదేళ్ళు నిండలేదు కదమ్మా. పోస్టులో పంపు" అన్నారు. పంపాను. వారం తర్వాత ఒక మధ్యాహ్నం కొట్టులో ఉండగా ఫోన్ మోగింది. పిల్ల తల్లి.

"పుస్తకం అందిందండీ ఆంటీ. చదవమని ప్రాణం తీస్తోంది. నాకు అంత గబగబా చదవడం రాదండి. కూడబలుక్కుంటూ చదువుతుంటే, పుస్తకాలమ్మ ఇలా చదవదు అంటోంది. మీరు ఫోన్లో చదువుతారా?"

పుస్తకం అక్కడుంది. నా దగ్గర లేదు. కానీ పంపేముందు అలవాటు కొద్దీ ఎన్నోసార్లు పైకి చదివాను. "మొదటి పేజీ తియ్యమ్మా" అన్నాను. దారం తెగిన గాలిపటాన్ని వెతుక్కుంటూ చెట్టు నుంచి చెట్టుకి వెళ్ళే ఉడుత కథ అది. కళ్ళు మూసుకుని ఒక్కో పేజీ చెప్పాను. ఆగినప్పుడల్లా అవతల కాగితం తిరిగిన చప్పుడు. ఎవరో పెట్టెల కోసం గుమ్మంలోకి వచ్చి, నేను ఉడుత గొంతుతో మాట్లాడటం విని, కాసేపు నిలబడి వెళ్ళిపోయారు.

అలా ప్రతి నెలా పుస్తకం పంపేదాన్ని, ప్రతి నెలా ఫోన్ వచ్చేది. హాస్టల్లో భోజనాలు అయిపోయాక, మధ్యాహ్నం పూట. నేను ఆ వేళకి కొట్టులో గొళ్ళెం పెట్టుకుని కూర్చునేదాన్ని. కొన్నిసార్లు పాత పుస్తకాలు కూడా చెప్పమనేది. చెట్ల కింద నా పక్కన కూర్చున్న బరువు ఉండేది కాదు, నా వేలు పట్టుకుని లాగే చెయ్యి ఉండేది కాదు. అయినా ఆ కాగితం చప్పుడు చాలనిపించేది.

ఐదేళ్ళు నిండాయి. ఆఖరి పుస్తకం మీద పేరు నేనే అతికించాను. టీచరుగారు పక్కనే ఉండి జిగురు సీసా అందించారు. ఆ పుస్తకం అందాక వచ్చిన ఫోన్లో పిల్ల, "నువ్వు చదవద్దు. నేను చదువుతా, నువ్వు విను" అంది. బడిలో అక్షరాలు నేర్పారట. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, తప్పు చదివి వెనక్కి వెళ్ళి, మళ్ళీ చదివింది. రెండో పేజీ సగంలో అక్కడెవరో పిలిచారు. "ఉండు, వస్తా" అని ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చెయ్యలేదు. కొన్నాళ్ళకి నేనే చేశాను. "హోమ్‌వర్కు చేసుకుంటోందండీ ఆంటీ, చెప్తాను" అంది తల్లి. ఇంకోసారి చేసినప్పుడు పిల్ల వచ్చి, "బాగున్నావా" అని అడిగి, ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. అలా ఉండటమే సరి. బడి, స్నేహితులు, చదువుకోవడానికి తన పుస్తకాలు తనకి ఉన్నాయి. మేమందరం కోరుకున్నదీ అదే. ఆ మధ్యాహ్నం వేళ మాత్రం చాన్నాళ్ళు గొళ్ళెం పెట్టుకునే కూర్చున్నాను, అలవాటు పోక.

ఈ ఏడు కాపు బాగుంది. కొట్టులో ఊపిరాడటం లేదు. పుస్తకాలు మా పైనింట్లోకి చేర్చాం. గురువారాలు ముసునూరు వైపు వెళుతూనే ఉన్నాను. తోటలో ఆ షెడ్డు నా కట్టలో లేదిప్పుడు, ఇవ్వడానికి అక్కడ పిల్లలు లేరు. అయినా మొన్న పని అయ్యాక అటు నడిచాను. అమ్మమ్మ కాయలు కోసే కూలీలకి నీళ్ళు తోడుతోంది. నన్ను చూసి బిందె దించి, మంచం నీడలోకి లాగింది. కలెక్టరు మామిడికాయ ఒకటి ముక్కలు కోసి, ఉప్పూకారం వేసి ఇచ్చింది.

"అది మీకు ఫోన్ చేసిందాండీ?" అని అడిగింది.

"లేదండీ. మీకు?"

"వాళ్ళమ్మ చేస్తది. అది రాదు ఫోన్ దగ్గరికి. ఏదో ఆట." ఇంకో ముక్క నాకిచ్చి, "మంచిదేలెండి" అంది.

"మంచిదే" అన్నాను.

ఇద్దరం ముక్కలు తిన్నాం. కూలీలు అవతల చెట్ల కిందికి మారారు, వాళ్ళ మాటలు దూరమయ్యాయి. ఆవిడ నా సంచి వంక చూసింది. అందులో మిగిలిన పుస్తకాలేమీ లేవు, ఖాళీ సంచే. ఏదైనా కథ చెప్పమని అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు. ఎండ తగ్గాక లేచాను. ఆవిడ కూడా లేచి, ఊరికే, రోడ్డు దాకా నాతో నడిచి వచ్చింది. ఆటో వచ్చేదాకా నిలబడింది.